కుక్కకి పాయింట్లు లేవు

సంస్థ వాళ్ళు నా చేతిలో పెట్టింది
ఆరు ట్యాబులు, ఒక గొడుగు, సంతకాల పుస్తకం.
పిల్లలు ఉపన్యాసం వినరు, ఆటైతే ఆడతారు
అన్నారు హైదరాబాదులో.
నిజమే.
గుల్లలంక రేవులో దిగి
కొబ్బరి డొక్కల మీదుగా నడుస్తుంటేనే
నా వెనకాల పదకొండుమంది.

ఆట చాలా తేలిక.
ఒక ఇల్లు, ఒక ఏరు, మూడు నిమిషాలు.
ఎడమ వైపు నుంచి నీలంగా నీళ్ళొస్తాయి.
నువ్వు వేలితో తాకి ఒక్కొక్కర్నీ మెట్లెక్కించాలి.
నాయనమ్మకి యాభై,
ఆవుకి ముప్ఫై,
రేషన్ కార్డుకి ఇరవై,
మంచినీళ్ళ బిందెకి పది.
గడప దగ్గర ఒక కుక్క కూడా ఉంటుంది.
తోక ఊపుతుంది, అంతే.
బొమ్మలు గీసిన కుర్రాడు ముచ్చటపడి పెట్టాడట.

నేలపూడి ఏసుమణి, ఎనిమిదో తరగతి,
మొదటిసారి ఓడిపోయింది.
రెండోసారీ అంతే.
ఐదోసారికి నేను వెనక నిలబడి చూశాను.
నాయనమ్మని ఎక్కించింది, ఆవుని ఎక్కించింది,
బిందె దగ్గర వేలు ఆగనే లేదు,
తిన్నగా గడప దగ్గరికెళ్ళి
కుక్కని నొక్కుతూ కూచుంది
నీళ్ళు తెర నిండేదాకా.

"దానికి పాయింట్లు లేవమ్మా" అన్నాను.
"పాయింట్లు లేకపోతే మునగదా అండి?" అంది.

అక్కణ్ణించి మొదలయ్యాయి ఫిర్యాదులు.
నీళ్ళు నీలంగా ఉన్నాయేటండి, వరద ఎర్రగా కదా ఉంటాది.
ఎదర నుంచి రాదండి, ఎనకాల అరటితోటలోంచి
చప్పుడు లేకుండా వత్తాది,
ముందు పొయ్యిలో ఊరతాది.
పాములేవండి?
ఆవు మెట్లెక్కదండి, మీరోసారి తోలి సూడండి.

రేవు నడిపే పెంటయ్య పడవ కట్టేసి వచ్చాడు.
కళ్ళజోడు లేక ట్యాబుని చేయి చాపినంత దూరంలో పట్టుకుని
చాలాసేపు చూశాడు.
"మూడు నిమిషాలేటండి.
ధవళేశ్వరం కబురొచ్చాక మనకో రాత్రి ఉంటాది.
ఆ రాత్రి కునుకు తీయకుండా కూకోవడమే కష్టం.
అదెలా పెడతారు ఆటలో?"

అన్నీ సంతకాల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను.
రిపోర్టులో ఒకటే గడి: ఎంతమంది ఆడారు.
పదకొండు అని నింపి పంపించాను.

శ్రావణంలో రెండో ప్రమాద హెచ్చరిక వేశారు.
కాజ్‌వే మునిగింది.
ట్యాబులు అమలాపురంలో నా మంచం కింద
ఛార్జింగు నిండి పడున్నాయి.
ఏసుమణి వాళ్ళమ్మకి చేస్తే ఫోను మోగలేదు.
పెంటయ్య ఎత్తాడు, ఇంజను మోతలోంచి అరుస్తూ:
"నాలుగో ట్రిప్పండి!
పిల్లలే లేపారు అందర్నీ.
రాత్రంతా లాంతరట్టుకుని
ఇంటింటికీ పొయ్యిలు సూసుకుంటా తిరిగారు!"

ఇది మన ఆట వల్లే అని రెండు వాక్యాలు రాయండి,
ఒక ఫొటో కూడా,
అని మర్నాడు హైదరాబాదు నుంచి మెయిలు.
పొయ్యి సంగతి వాళ్ళు నాకు నేర్పింది కదా.
ఒక్క వాక్యం రాశాను, కొట్టేశాను.
ఫొటో అయితే పంపాను:
హైస్కూలు మేడ మీద, పులిహోర పొట్లాల వరసలో,
ఏసుమణి ఒళ్ళో గోనెసంచి,
సంచిలోంచి రెండు చెవులు.

దసరా సెలవుల ముందు కొత్త ఆట వచ్చింది.
నీళ్ళు ఎర్రగా, వెనక నుంచి.
పొయ్యి పెట్టారు. పాము పెట్టారు.
ఆవు మొండికేస్తుంది.
రాత్రిని మాత్రం పెట్టలేకపోయారు.

ఏసుమణి వేలు ముందు గడప దగ్గరికే వెళ్ళింది.
కుక్క మెట్లెక్కింది.
దాని నెత్తిన మెరిసింది: పదిహేను.
"పెట్టేశారా?" అంది.
సంతోషపడుతుందనుకున్నాను.
కాసేపు ఆ అంకె వంకే చూసి
"ఇంక అందరూ ఎక్కించేత్తారు లెండి" అని
ట్యాబు పక్కవాడి చేతికిచ్చి
బయటికెళ్ళింది.

బయట, ఒండ్రు ఇంకా ఎండని అరుగు మీద,
అసలుది
ఒక చెవి ఎత్తి చూసింది.